ఆరంకెల బేరం

అమెరికాలో మనవాళ్లు కారు అమ్మే పద్ధతి అందరికీ తెలిసిందే. వాట్సాప్ గ్రూపులో నాలుగు ఫొటోలు, కింద మూడు ముక్కలు: సింగిల్ ఓనర్, క్లీన్ టైటిల్, నో యాక్సిడెంట్స్. అది క్యామ్రీ అయితే మైళ్లు కూడా సరిగ్గా చదవరు. పొద్దున పోస్టు పెడితే మధ్యాహ్నానికి బేరం తెగిపోతుంది.

నేను అమ్మకానికి పెట్టింది 2007 మాజ్దా ఆర్‌ఎక్స్-8. గేర్లు చేత్తో మార్చుకునే బండి, తొమ్మిది వేల ఆర్‌పీఎం దాకా గొంతు ఎత్తి పాడే బండి. మా ఆవిడ దృష్టిలో మాత్రం గ్యాసుకు గ్యాసు, ఆయిలుకు ఆయిలు తాగుతూ పిల్లల కారు సీటు కూడా సరిగ్గా పట్టని వస్తువు. ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఈ ఇంజిన్ తన సీళ్లు అరిగిపోకుండా కొంచెం కొంచెంగా ఆయిల్‌ను లోపలికి చిమ్ముకుని కాల్చేస్తుంది. తయారీయే అంత. గ్యాస్ కొట్టించినప్పుడల్లా ఆయిల్ పుల్ల తీసి చూసుకోవాలి. ఆ అలవాటు లేని ఓనర్ చేతిలో పడితే బండి ఆయుష్షు సగమే.

ఇలాంటి బండికి మైళ్లు చూసి వెల కట్టలేం. కంప్రెషన్ చూడాలి, అంటే ఇంజిన్ లోపల గాలిని ఎంత గట్టిగా నొక్కుతుందో. అక్కడే తకరారు.

మామూలు ఇంజిన్‌లో పిస్టన్ ఒక సిలిండర్‌లో పైకీ కిందికీ కొట్టుకుంటుంది. సిలిండర్‌కు ఒక అంకె, అంతే. నా బండిది రోటరీ ఇంజిన్, అందులో పిస్టన్లే ఉండవు. నడుమ కాస్త నొక్కుకుపోయిన అండాకారపు గదిలో మూడు మూలల రోటర్ ఒకటి గుండ్రంగా తిరుగుతుంది. మూడు ముఖాలు, ఒక్కో ముఖం దగ్గర విడిగా గాలి నొక్కుకుంటుంది. ఆర్‌ఎక్స్-8లో అలాంటి రోటర్లు రెండు, ఒక్కోటి 654 సీసీ. అంటే కంప్రెషన్ రిపోర్టులో ఆరు అంకెలు ఉండాలి. రెండే అంకెలున్న కాగితం ఎవరైనా చేతిలో పెడితే మడిచి తిరిగి ఇచ్చేయండి. విడిభాగాల షాపులో దొరికే మామూలు గేజ్‌లో గాలిని పట్టి ఉంచే చిన్న వాల్వ్ ఉంటుంది. ముల్లు అన్నింటికన్నా పెద్ద ఒత్తిడి దగ్గర ఆగిపోతుంది. మూడు ముఖాల్లో రెండు చచ్చి ఒకటి బతికున్నా అది బతికినదాన్నే చూపిస్తుంది. ఆ వాల్వ్ తీసేసి ఇంజిన్ తిప్పితే ముల్లు మూడు దెబ్బల వరసలో ఎగురుతుంది. దెబ్బలు సమానంగా ఉన్నాయో లేదో కంటికి తెలుస్తుంది గానీ, నమ్మదగిన అంకెలు కావాలంటే రోటరీ కోసం చేసిన టెస్టరే కావాలి. అది ముఖానికో అంకె ఇస్తుంది, పక్కనే ఇంజిన్ ఎంత వేగంతో తిరిగిందో కూడా రాస్తుంది.

ఆ ఆరింటినీ చదవడంలో నిజంగా ఒక రుచి ఉంది. రోటర్ మూల మూలకీ ఒక ఎపెక్స్ సీల్ ఉంటుంది. ఒక్కో సీల్ ఇటు ముఖానికీ అటు ముఖానికీ ఉమ్మడి గోడ. అందుకే ఒకే రోటర్‌లో రెండు ముఖాలు ఢమాలున పడిపోయి మూడోది బాగుంటే, ఆ రెంటి మధ్యనున్న ఎపెక్స్ సీల్ మీద అనుమానం పడాలి. ఒక్క ముఖమే తగ్గితే రోటర్ పక్కన ఉండే సైడ్ సీల్ మసి పట్టి బిగుసుకుపోయిందేమో చూసుకోవాలి. మూడూ కలిసి మెల్లగా దిగుతూ ఉంటే అది వయసు. మాజ్దా లెక్క ప్రకారం 250 ఆర్‌పీఎం దగ్గర చదరపు సెంటీమీటరుకు 8.5 కిలోలు ఆరోగ్యం, 6.9 కిలోలు కనీస హద్దు. ఒకే రోటర్ ముఖాల మధ్య తేడా 1.5 దాటకూడదు, రెండు రోటర్ల మధ్య 1.0 దాటకూడదు.

ఈ సీళ్ల తంటా కొత్తదేమీ కాదు. 1967లో జర్మనీ కంపెనీ ఎన్‌ఎస్‌యూ ఈ ఇంజిన్‌తో ఆర్‌ఓ 80 అనే కారు తెచ్చింది. వారంటీ కింద ఇంజిన్లు మార్చలేక ఆ కంపెనీ నడుం విరిగింది, 1969లో ఫోక్స్‌వ్యాగన్ చేతుల్లోకి వెళ్లి ఆడీలో కలిసిపోయింది. హిరోషిమాలో మాజ్దా ఇంజినీర్లకు అంతకు ముందే గది గోడల మీద గీతలు పడే జబ్బు ఎదురైంది. కెనిచి యమమోటో ఆధ్వర్యంలోని ఆ బృందం వాటికి దయ్యం గోళ్లని పేరు పెట్టింది. సీల్ చేసే పదార్థాన్ని మార్చి మార్చి చివరికి కార్బన్, అల్యూమినియం కలిపిన దానితో గట్టెక్కారు. 1991లో నాలుగు రోటర్ల మాజ్దా 787బీ కారు ల మాన్ రేసు గెలిచిన రోజున ప్రపంచం చప్పట్లు కొట్టింది. అయినా మనం కొనే బండి రేసు బండి కాదు కదా. ఆర్‌ఎక్స్-8ల మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయంటే, ఉత్తర అమెరికాలో 2004 నుంచి 2008 దాకా మోడళ్లకు ఇంజిన్ లోపలి భాగం మీద వారంటీని 8 ఏళ్లు లేదా లక్ష మైళ్లకు పెంచారు. నా బండికి ఆ గడువు ఎప్పుడో తీరింది. కాబట్టి కొనేవాడికి మిగిలిన భరోసా ఆ కాగితమే.

బండి వేడిగా ఉండగానే, బ్యాటరీ నిండుగా పెట్టి, టెస్ట్ చేయించాను. ముందు రోటర్ 6.9, 6.8, 6.9. వెనక రోటర్ 6.6, 6.4, 6.5. వేగం 256 ఆర్‌పీఎం. కాగితాన్ని ఉన్నదున్నట్టు ఫొటో తీసి గ్రూపులో పెట్టాను.

సాయంత్రానికి డాలస్ నుంచి ఫోన్. ఎంఎస్ చదువుతున్న బెజవాడ కుర్రాడు.

"అన్నా, మీ రిపోర్టు మా రూమ్మేట్ చూశాడు. అన్నీ ఏడు లోపేనంట. ఇంజిన్ పోయినట్టేనంట కదా?"

"టెస్ట్ ఏ ఊళ్లో చేశారో అడిగాడా తమ్ముడూ?"

"ఊరికీ ఇంజిన్‌కీ ఏంటన్నా సంబంధం?"

సంబంధం చాలా ఉంది. మేముండేది అరోరాలో, డెన్వర్ పక్కన. సముద్ర మట్టానికి మైలుకు పైగా ఎత్తు. ఇక్కడ గాలి ఒత్తిడి సముద్ర తీరంతో పోలిస్తే 17, 18 శాతం తక్కువ. ఇంజిన్ నొక్కేది లోపలికి పీల్చిన గాలినే కాబట్టి, పీల్చినది పలచనైతే అంకె కూడా ఆ మేరకు పలచనవుతుంది. ఆ లెక్కన నా 6.4ను సముద్ర మట్టానికి మారిస్తే దాదాపు 7.8, 6.9ని మారిస్తే 8.4. అదే డాలస్‌లో ఎవరైనా 7.2 చూపిస్తే ఆ ఇంజిన్ నా బండి కన్నా బాగా అరిగినట్టు. అక్కడ ఎత్తు కొన్ని వందల అడుగులే.

అబ్బాయి కాసేపు ఆలోచించి, "మరి మార్చిన నంబర్లే రిపోర్టులో వేయొచ్చుగా అన్నా?" అన్నాడు. మంచి ప్రశ్న. వేయించలేదు, కావాలనే. గేజ్ ఏం చూపించిందో అదే ఉండాలి కాగితం మీద. లెక్క ఎవరైనా కట్టుకోవచ్చు. అమ్మేవాడు ముందే దిద్ది ఇచ్చిన అంకెను నేనైతే నమ్మను.

ఎందుకు నమ్మనంటే, ఈ అంకెలను పెంచే చిట్కాలు నాకు తెలుసు. ప్లగ్ రంధ్రంలో కాస్త ఆయిల్ పోస్తే సీళ్ల సందులు కాసేపు మూసుకుంటాయి, ముల్లు ఉత్సాహంగా లేస్తుంది. తర్వాత స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ మబ్బులా వస్తుంది, అదొక్కటే సాక్ష్యం. బ్యాటరీకి ఇంకో బ్యాటరీ జోడించి 300 ఆర్‌పీఎంకు తిప్పినా అంకెలు పెరుగుతాయి, ఆ వేగాన్ని కాగితం మీద రాయకపోతే కొనేవాడికి తెలిసే దారి లేదు. అందుకే ఆరింటి కన్నా ముందు నేను చూసేది ఏడో అంకెను. ఆర్‌పీఎం లేని రిపోర్టు రిపోర్టే కాదు.

మా నాన్న పెబ్బేరు సంతలో ఎద్దు దవడ తెరిచి పళ్లు చూసేవాడు. పళ్లు చూశాక కూడా ఎద్దును నాలుగు అడుగులు నడిపించకుండా బేరం మొదలుపెట్టేవాడు కాదు. ఈ బండికి ఆ నాలుగు అడుగులు వేడి స్టార్టు. అరగంట నడిపి, ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపి, పది నిమిషాలు అలా వదిలి మళ్లీ తాళం తిప్పాలి. కంప్రెషన్ ఉన్న బండి వెంటనే అందుకుంటుంది. పోయినది తిరుగుతూ తిరుగుతూ నీరసపడుతుంది. ఇంటి ముందు చల్లటి బండిని స్టార్ట్ చేసి చూపించే అమ్మకందారు ఏమీ చూపించనట్టే. అలాగని చల్లటి బండిని పార్కింగులో నాలుగడుగులు జరిపి ఆపేయమని అడగకండి. లోపల పెట్రోలు తడి చేరి ప్లగ్గులు మునుగుతాయి. తర్వాత అది స్టార్టవకపోతే మంచి ఇంజిన్‌కు కూడా చావు కబురు వినిపించేస్తారు.

బండి నీరసంగా లాగితే ఇంజినే పోయిందనుకోవడం కూడా తొందరపాటే. ఆర్‌ఎక్స్-8 ఇగ్నిషన్ కాయిళ్లు త్వరగా డస్సిపోతాయి. వాటిని మార్చకుండా లాగిస్తే కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ కాలుతుంది, అది మూసుకుపోతుంది, ఆ వేడి చివరికి సీళ్ల దాకా వస్తుంది. కాయిళ్ల రసీదులు దాచిన ఓనర్‌కు నేనైతే రెండు మార్కులు ఎక్కువే వేస్తాను.

డాలస్ కుర్రాడు కొనలేదు. వాళ్లమ్మగారు రెండు డోర్లు వెనక్కి తెరుచుకునే కారు వద్దన్నారట, క్యామ్రీ కొన్నాడు. ఆవిడ మాటకు నేను అడ్డు చెప్పలేదు, ఎంఎస్ కుర్రాడికి అదే క్షేమం. కుర్రాడు మాత్రం బాధపడుతూనే చెప్పాడు.

చివరికి కొన్నది కొలరాడో స్ప్రింగ్స్‌లో ఉండే ఒక అమెరికన్ పెద్దాయన, డెన్వర్ కన్నా ఇంకా పైన ఉన్న ఊరు. ఇంతకు ముందు ఇలాంటి రోటరీ ఇంజిన్‌వే రెండు ఆర్‌ఎక్స్-7లు నడిపాడట. కాగితం అందుకుని ఆరు అంకెల మీదుగా కళ్లు జార్చి నేరుగా ఆర్‌పీఎం దగ్గర ఆగాడు. తల ఊపి, బండిని వేడెక్కేదాకా తనే నడిపాడు, ఆపాడు, కాఫీ అడిగి తాగాడు, మళ్లీ తాళం తిప్పాడు. అందుకుంది. ఇంజిన్ గురించి ఒక్క డాలరు తగ్గించమనలేదు. టైర్ల దగ్గర మాత్రం గీచి గీచి బేరమాడి నాలుగు వందలు కొట్టేశాడు.