కింది శ్రుతి

ఆ గిటార్ ఇంటికి తెచ్చిన రోజు వాన. వంటింటి స్లాబు కారుతోంది. కింద బకెట్ పెట్టారు. ఆ స్లాబు బాగుచేయించడానికి దాచిన డబ్బులతోనే నేను గిటార్ కొనుక్కొచ్చాను. ముందే చెప్పేస్తున్నా, దాచిపెట్టి ప్రయోజనం లేదు. 38 వేలు. అదీ ఎవరో వాడి అమ్మింది.

"ఛత్ టపక్ రహీ, తుమ్ బాజా లాయే?" అంది మా ఆవిడ. కప్పు కారుతుంటే బాజా తెచ్చినవాడికి జవాబేముంటుంది? అబ్బా కోసం అన్నాను. అది సగమే నిజం.

మిగతా సగం పేరు ప్యాట్ మెథీనీ. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో పుట్టిన జాజ్ గిటారిస్టు. 2001 నవంబరులో ఒక రాత్రి ఇంట్లో ఒంటరిగా కూచుని వాయిస్తూ పోయాడు. ఎక్కువగా ఆ రాత్రి రికార్డయిన వాటితోనే 2003లో 'వన్ క్వయిట్ నైట్' ఆల్బం వచ్చింది. నేను విన్నది చాలా ఏళ్ల తర్వాత, రాత్రి బస్సులో. ఇద్దరు వాయిస్తున్నారనుకున్నా. ఒకరు కింద, బావిలోంచి మాట్లాడుతున్నట్టు. ఇంకొకరు పైన, సన్నగా. తీరా చూస్తే ఒక్కడే, ఒక్కటే గిటార్. కెనడాలో లిండా మాన్జర్ అనే ఆవిడ చేసిన బారిటోన్ గిటార్ అది. మామూలు గిటార్ కంటే శ్రుతి బాగా కింద. మధ్య రెండు తీగలు మాత్రం ఒక స్థాయి పైకి కట్టుకున్నాడు. ఇద్దరున్నట్టు వినబడింది అందుకే.

డబ్బులెందుకు దండగ అని ముందు నా పాత గిటార్ తీగలే వదులు చేసి చూశాను. 'స'ని కింది 'మ' దాకా దించినట్టు. లావు తీగ సెకనుకు 82 సార్లు ఊగేది 55 సార్లకు రావాలి. వచ్చింది. కానీ అదే తీగ, అదే పొడవు ఉంచి అంత కిందికి దించితే బిగువు సగం కూడా మిగలదు. పాత మంచం నులకలా వేలాడింది. తీగలు ఫ్రెట్లకు తగిలి జరజరలాడాయి. కింది శ్రుతి నిలబడాలంటే తీగ లావుండాలి, పొడవుండాలి. అంటే గిటారే వేరే ఉండాలి.

ఇక అబ్బా సంగతి. నలభై ఏళ్లు నల్లగొండలో బట్టలు కుట్టాడు. మిషిన్ తొక్కుతూ పాడేవాడు. ఘంటసాల అయిపోతే తలత్ మహమూద్. ఇప్పుడు పై స్వరాలు పోయాయి. నేను వాయిస్తే పల్లవి అందుకుంటాడు, చరణంలో గొంతు చిట్లుతుంది. "నువ్వు వాయించుకో బేటా" అని ఆపేస్తాడు. శ్రుతి తగ్గించి వాయించొచ్చు కదా అంటారు తెలిసినవాళ్లు. తగ్గించాను. పాట దిగింది గానీ గిటార్ మాత్రం పైనే మోగుతుంటుంది. కింద అబ్బా గొంతు ఒక్కటే మిగిలిపోతుంది.

కొత్తది చూసి పెళ్లి బ్యాండులో కీబోర్డు వాయించే దోస్తు అడిగాడు, "ఇది గిటారా, బేసా? ఏదో ఒకటి చెప్పు." గిటార్‌కి కిందా, బేస్‌కి పైనా ఉంటుందన్నా. వాడికి నచ్చలేదు. ఈ 'ఏదో ఒకటి చెప్పు' నాకు కొత్త కాదు లెండి. ఇంట్లో ఉర్దూ, కాగితం మీద తెలుగు. నల్లగొండలో పుట్టిన నన్ను నల్లగొండలోనే "మీరు తెలుగు భలే మాట్లాడతారండీ" అని మెచ్చుకుంటారు. సరే, ఆ గొడవ గిటార్ మీద రుద్దను.

అబ్బా దాన్ని ఒళ్లోకి తీసుకుని చూశాడు. లేచి వెళ్లి తన టేపు తెచ్చాడు. తీగ మొదలు నుంచి వంతెన దాకా పట్టి కొలిచాడు. 27 అంగుళాలు. పాతదాన్నీ తెమ్మన్నాడు. 25న్నర.

"ఒకటిన్నర అంగుళానికి ఇంత డబ్బా?"

నవ్వాలో వద్దో తెలియలేదు. వాయించడం మొదలుపెట్టాను. వేళ్లు 'జీ' పట్టుకుంటే 'సీ' మోగుతోంది. నాకే గాభరాగా ఉంది. అబ్బా కాసేపు విన్నాడు. తలత్ పాట ఒకటి మెల్లగా అందుకున్నాడు. పల్లవి దాటింది. చరణం మొదటి పాదం దాటింది. గొంతు చిట్లలేదు. రెండో పాదంలో చిట్లింది. నేను ఆపాను.

వంటింట్లోంచి కేక, బకెట్ నిండిందని. లేవబోయాను.

"ఠహర్" అన్నాడు అబ్బా. టేపు మెడలో వేసుకుని చరణం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.