ఘటోత్కచుడి బిల్లు ఎవరు కడతారు?

పోస్టు కొంచెం పొడుగే. పరీక్షలున్నోళ్ళు దాచుకుని తరవాత చదవండి.

మాదొక చిన్న గుంపు. పదహారు మందిమి. సవర, జాతాపు, గదబ, కొండదొర పిల్లలం పదకొండు మంది. డిగ్రీలో మాతో ఒకే బెంచీ మీద కూర్చున్న కింద ఊళ్ళ స్నేహితులు అయిదుగురు. చదువులయ్యాక ఒకడు విశాఖలో, ఒకడు హైదరాబాదులో, ఒకామె సీతంపేట పక్క ఊళ్ళో, ఇలా చెదిరిపోయాం. మమ్మల్ని ఇప్పటికీ కలిపి ఉంచింది ఏంటంటే పద్యనాటకం. నవ్వకండి. క్రికెట్టుకి ఉన్నట్టే దీనికీ పిచ్చోళ్ళు ఉంటారు.

రాత్రి పదకొండుకి ఎవడో ఒకడు రాయబారం పద్యం పాడి ఫోనులో పంపుతాడు. రాగం తీసి తీసి ఊపిరాడక దగ్గుతాడు. ఆ దగ్గు కూడా రికార్డవుతుంది. వెంటనే పది మంది "వన్స్ మోర్" అని పెడతారు. పాడినోడు పొంగిపోయేలోపే ఇంకోడు, "పద్యానికి కాదురా, దగ్గుకి" అంటాడు. అదీ మా వరస.

ఈ పిచ్చి మాకు ఇంట్లో రాలేదు. మా ఊళ్ళల్లో పాటంటే అందరూ కలిసి పాడేది, కలిసి ఆడేది. ఒకాయన పాడితే వెయ్యి మంది కూర్చుని వినడం మాకు కొత్త. హాస్టల్లో ఉన్నప్పుడు దగ్గర ఊళ్ళో అమ్మవారి సంబరాలకి గోడ దూకి వెళ్ళి చూశాం. పదింటికి మొదలన్న నాటకానికి పదకొండున్నరకి తెర లేచింది. తెల్లారేదాకా ఆడారు. ఒక్క రాత్రిలో ముగ్గురు కృష్ణులు! పడక సీనుకి ఒకాయన, రాయబారానికి ఒకాయన, యుద్ధానికి ఇంకొకాయన. మా వాడొకడు "ఇందాకటి కృష్ణుడేడ్రా, జ్వరమొచ్చిందా?" అని గట్టిగా అడిగేశాడు. ముందు వరస ముసలాయన వెనక్కి తిరిగి చూసిన చూపు ఇంకా గుర్తుంది.

అవి తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలనీ, జనం 'కురుక్షేత్రం' అని పిలుచుకుంటారనీ మాకు తరవాత తెలిసింది. ఆ రాత్రి మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంట్లో సవర మాట్లాడి బళ్ళో తెలుగు నేర్చుకున్నోళ్ళకి ఆ సమాసాలు ఎలా దిగుతాయి? కానీ హార్మోనియం మోగి, ఆయన గొంతెత్తి, ఆఖరి మాట దగ్గర రాగం అందుకునేసరికి జనమంతా ఒక్కసారి లేచారు. మాకూ ఒళ్ళు జలదరించింది. అర్థం తరవాత వెతుక్కున్నాం.

మా గుంపులో అసలు పేర్లు ఎవరూ వాడరు. టిక్కెట్టు డబ్బులు, రీఛార్జి బాకీలు వసూలు చేసేవాడు నక్షత్రకుడు. హరిశ్చంద్రుణ్ణి విశ్వామిత్రుడి అప్పు కోసం వెంటాడినట్టే మమ్మల్ని వెంటాడతాడు. పరీక్షకి ముందు "రాంక్ మనదే" అని, పరీక్ష రోజు కడుపునొప్పి వచ్చేవాడు ఉత్తరకుమారుడు. ఏ ఉద్యోగానికి అప్లై చేస్తామన్నా "అక్కడ ఖాళీల్లేవు, ఉన్నా నీకు రాదు" అనేవాడు శల్యుడు. ఎప్పుడు ఫోన్ చేసినా నిద్రలో ఉండేవాడి పేరు పడక సీను. ఒకడు బీఈడీ చేస్తున్నాడు, వాడు మాస్టారు. సందు దొరికితే పాఠమే. "1885లో కడప జిల్లా సురభిలో వనారస గోవిందరావు గారు కీచక వధ ఆడించారు. మిగతా చోట్ల ఆడవేషాలు మగాళ్ళే కడుతున్న కాలంలో సురభి వాళ్ళ ఇంటి ఆడవాళ్ళే స్టేజి ఎక్కారు" అని మొదలెడతాడు. "మాస్టారూ, బెల్లు కొట్టేశారు" అని అందరం ఒకేసారి పెడతాం. అయినా ఆయన ఆగడు.

పార్టీలు కూడా ఉన్నాయి. కృష్ణుడి పాత్రకి పీసపాటి నరసింహమూర్తి గారా, షణ్ముఖి ఆంజనేయరాజు గారా అన్నది మాలో తేలని ఎన్నిక. మాట స్పష్టంగా వినపడాలి, భావం చెవికెక్కాలి అనేది పీసపాటి పార్టీ. రాగం లేని పద్యం ఉప్పు లేని అంబలి అనేది షణ్ముఖి పార్టీ. పాత రికార్డింగులు వెతికి వెతికి ఒకరి మీద ఒకరు విసురుకుంటాం. ఈ గొడవ మధ్యలో మేకలు కాసి పెరిగిన మావాడొకడు వేలు నోట్లో పెట్టుకుని ఈల కొట్టి పంపుతాడు. తనది ఈలపాట రఘురామయ్య గారి పార్టీ అట. మేకలొస్తాయి గానీ ఓట్లు రావని చెప్పాం.

మా అందరిలోకీ మంచి గొంతు కృష్ణక్కది. సవర అమ్మాయి. కృష్ణుడి పద్యాలే పాడుతుంది. "ఆడపిల్లవి, సత్యభామ పాడొచ్చు కదా" అని మొదట్లో ఎవడో అన్నాడు. "స్థానం నరసింహారావు గారు మగాడై ఉండి అన్నేళ్ళు సత్యభామ వేశారు కదా. ఆ అప్పు నేను తీరుస్తున్నా" అంది. ఆ రోజు నుంచి మేం నోరెత్తలేదు. సంబరాల్లో నటుడి చొక్కాకి నోటు గుచ్చి మైకులో పేరు చదివినట్టే, ఆమె పాడితే మేమూ చదివింపులు చదువుతాం. "పడక సీను గారు నిద్రలోంచి లేచి, అక్షరాలా పదకొండు రూపాయలు!" నక్షత్రకుడు ఆ పదకొండూ నిజంగానే వసూలు చేస్తాడు. ఒకసారి మాలో ఒకడి పరీక్ష ఫీజు ఆ చదివింపుల్లోంచే కట్టాం.

ఇంతవరకూ సరదాయే. ఇప్పుడు అసలు సంగతి.

నిరుడు ఒక రాత్రి సురభి వాళ్ళ మాయాబజార్ మాటొచ్చింది. మనమూ ఒక సీను వేద్దాం, ఎవరికి ఏ వేషం అని పంచుకుంటున్నాం. కింద ఊరి స్నేహితుడొకడు, ఎప్పుడూ పాడడు గానీ అందరికీ వంకలు పెడతాడు, వాడన్నాడు: "మీకు మేకప్ ఖర్చు లేదురా. ఘటోత్కచుడి చుట్టాలు కదా, ఉన్నట్టే స్టేజి ఎక్కేయండి."

ఇద్దరు నవ్వు బొమ్మలు పెట్టారు. అందులో ఒకడు మనవాడే. ఈ మాట దాచుకోకూడదు. అలవాటు మీద నవ్వేశాడు.

ఆ తరవాత ఎవరూ ఏమీ రాయలేదు. మర్నాడు ఆ కుర్రాడు "జోకురా బాబూ, సీరియస్ ఏటి?" అని పెట్టాడు. దాంతో ఇంకా చెడింది. తొమ్మిది రోజులు ఒక్క పద్యం లేదు. కృష్ణక్కకి ఫోన్ చేశాం. చాలాసేపు వేరే సంగతులు మాట్లాడి చివర్లో చెప్పింది. "హాస్టల్లో నా పేరు పిలవకుండా 'ఓ కొండోళ్ళమ్మాయ్' అంటే నవ్వేను. బస్సులో అన్నా నవ్వేను. నవ్వకపోతే గొడవ కదా. ఇక్కడ మాత్రం అలా నవ్వక్కర్లేదనుకున్నాను. ఘటోత్కచుడంటే నాకూ ఇష్టమే. మేకప్ అక్కర్లేదన్నాడు చూడండి, అంటే నా మొహమే వేషమన్నమాట."

మా దగ్గర జవాబు లేదు. మేమూ అలాగే నవ్విన రోజులు ఎన్నో గుర్తొచ్చాయి. మీకూ వస్తుంటాయి.

పదో రోజు రాత్రి నక్షత్రకుడు ఒక కాగితం ఫొటో పెట్టాడు. పైన 'బిల్లు' అని రాసి ఉంది. "శ్రీ అర్జునుడి తరఫు వారికి. మీ వాడి కోసమని కర్ణుడు దాచుకున్న శక్తి ఆయుధం మా ఘటోత్కచుడి మీద పడిన సంగతి తమరికి తెలిసిందే. ఆ విధంగా మిగిలిన మీ వాడి ప్రాణం ఖరీదు, పోయిన మా వాడి ప్రాణం ఖరీదు, హిడింబి అడవిలో ఒక్కతే బిడ్డని పెంచిన ఖర్చు, మొత్తం బాకీ. చుట్టరికం ఒప్పుకుంటున్నాం కాబట్టి వసూలు హక్కు కూడా మాదే. కట్టేవరకు మీ వెంటే ఉంటాను. ఇట్లు, నక్షత్రకుడు."

మొదట నవ్వింది కృష్ణక్కే. తరవాత మేం.

ఆ కుర్రాడు గుంపులో ఏమీ రాయలేదు. పొద్దున్నే ఆమెకి ఫోన్ చేశాడు. "తప్పయిపోయింది అక్కా" అన్నాడట. ఈసారి జోకు అన్న మాట వాడలేదు. ఆమె "సరే, మరి బిల్లు?" అంది. ఎలా కట్టాలంటే, ఎన్నడూ పాడనివాడు ఒక పద్యం పాడి అందరికీ పంపాలి. మేం వంకలు పెడతాం, వాడు పడాలి.

పంపాడు. సత్య హరిశ్చంద్రలో కాటి సీను పద్యం. డి.వి. సుబ్బారావు గారు వింటే ఏమయ్యేవారో చెప్పలేం. శ్రుతి ఒక ఊళ్ళో, గొంతు ఇంకో ఊళ్ళో. శల్యుడు "కాటిలో శవాలు లేచి వెళ్ళిపోయాయి" అని పెట్టాడు. ఈలోగా కృష్ణక్క నుంచి ఒకే ఒక్క మాట వచ్చింది. "వన్స్ మోర్."

మాస్టారు ఆ రోజు చెప్పిన పాఠానికి మాత్రం ఎవరం బెల్లు కొట్టలేదు. ఆ నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కానీ కాటి సీనులో జనం ఊగిపోయే పద్యాల్లో కొన్ని గుర్రం జాషువా గారివి. ఆయన శ్మశానం మీద రాసుకున్న పద్యాలు నాటకంలోకి వచ్చి ఇక వెళ్ళలేదు. కులం పేరుతో జీవితమంతా అవమానాలు పడ్డ మనిషి ఆయన. "ఆయన పద్యానికి వన్స్ మోర్ కొట్టినోళ్ళలో ఎంతమంది ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఉంటారు?" అన్నాడు మాస్టారు. పాడిన కుర్రాడు "నాకు తెలీదు మాస్టారూ, పద్యం బాగుందని పాడాను" అన్నాడు. అదే కదా సంగతి. పద్యాన్ని ప్రేమించడం తేలికే. ఆ పద్యం పక్కన నిలబడ్డ మనిషిని చూడ్డం దగ్గరే అందరం తప్పుతాం.

అప్పటినుంచి మాకొక కట్టుబాటు ఉంది. గొంతు మీద, తాళం మీద, దగ్గు మీద, నిద్ర మీద ఎన్ని జోకులైనా వెయ్యొచ్చు. అవి మనం చేసేవి, మార్చుకోగలిగేవి. పుట్టుక మీద, ఒంటి రంగు మీద, ఇంటి భాష మీద వద్దు. ఈ కట్టుబాటు పెట్టాక సరదా తగ్గుతుందేమో అనుకున్నాం. తగ్గలేదు. అంతకుముందు మాట్లాడని ఇద్దరు జాతాపు తమ్ముళ్ళు ఇప్పుడు రోజూ షణ్ముఖి పార్టీని ఉతుకుతున్నారు. ఇన్నాళ్ళూ వాళ్ళు ఎందుకు నోరు విప్పలేదో మేం అడగలేదు. అడక్కుండానే తెలిసింది.

ఇంకో సంగతి. హిమాచల్‌లో మనాలి దగ్గర హిడింబికి 1553లో కట్టిన గుడి ఉందని ఎక్కడో చదివి కృష్ణక్క మాకు చెప్పింది. అక్కడ ఆవిడ రాక్షసి కాదు, పూజలందుకునే దేవత. కొడుకు పోయిన రాత్రి ఆ తల్లి ఏమనుకుని ఉంటుందో నాటకాలు మాకెప్పుడూ చూపించలేదు. ఆ ఒక్క సీను కృష్ణక్క రాస్తోంది. హిడింబి మాటలు సవరలో, కృష్ణుడి జవాబు తెలుగు పద్యంలో. పద్యం కడుతున్నది ఎవరనుకున్నారు? ఆ కుర్రాడే. ఛందస్సు తప్పుతున్నాడు, మాస్టారు దిద్దుతున్నాడు, శల్యుడు "ఇది ఈ జన్మలో స్టేజి ఎక్కదు" అంటున్నాడు.

మీ హాస్టళ్ళలో, మీ ఊళ్ళలో పాడేవాళ్ళుంటే ఇలాగే కలుసుకోండి. ఏడిపించుకోండి. ఎవరైనా ఉన్నట్టుండి పాడటం మానేస్తే మాత్రం ఒక ఫోన్ చెయ్యండి.

ఉంటాం మరి. ఇవాళ ఒకటో తారీకు. బిల్లులో వడ్డీ ఇంకా రాలేదని నక్షత్రకుడు మళ్ళీ నోటీసు పెట్టాడు.