మొగిలి కనుమ దాకా సైకిలు ప్రయాణం

కోలారు అనగానే ఎవరికైనా మొట్టమొదట జ్ఞాపకం వచ్చేది బంగారం. ఆ తరువాత సయనైడ్ దిబ్బలు, మూతబడిన గనులు, తెల్లవారకముందే బెంగుళూరు రైలు కోసం పరుగెత్తే జనం. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసివేసిన నాటినుండి మా ఊరిని గురించి వ్రాసేవారందరూ ఈ మాటలే వ్రాస్తున్నారు. అందులో అబద్ధమేమీ లేదు. కాని ఊరి చుట్టూ ఉన్న కొండలను గురించీ, చెరువులను గురించీ, తూర్పుకు దిగే కనుమ దారులను గురించీ వ్రాసినవారు తక్కువ. సైకిలు తొక్కేవాడికి ఇంతకంటె మంచి నేల చుట్టుపక్కల ఎక్కడా లేదని నా నమ్మకం. బెంగుళూరు కుర్రవాళ్ళు ఆదివారం వస్తే నంది కొండకు పోతారు. వారికి ఆ 1478 మీటర్ల ఎత్తు ఒక పరీక్ష. పోనివ్వండి. మన దారులు వేరు.

ముందు ఈ భూమి అమరిక చెప్పాలి. మైసూరు పీఠభూమికి తూర్పు అంచు మనది. కోలారు, ముళబాగిలు సుమారు 820 మీటర్ల ఎత్తున ఉన్నాయి. పలమనేరు 680 మీటర్లు. అక్కడి నుండి నలభై కిలోమీటర్లు పోయేసరికి చిత్తూరు, మూడు వందల మీటర్ల పైచిలుకు మాత్రమే. అంటే మనం పుట్టుకతోనే మేడమీద ఉన్నాము, క్రిందికి మెట్లు మాత్రం మొగిలి దగ్గర ఉన్నాయి. ఫ్రాన్సు దేశపు పందెంలో తూర్మలే అనే కనుమ ఉన్నది, 2115 మీటర్లు. 1910లో మొదటిసారి ఆ దారిన పందెం పెట్టినప్పుడు పేరుమోసిన వీరులు కూడా కొంతదూరం సైకిలు నెట్టుకుంటూ నడిచారట. అక్కడివారు ముందు ఎక్కుతారు, తరువాత దిగుతారు. మనకు తలక్రిందులు. పోయేటప్పుడు సుఖం, ఋణం తీర్చవలసింది తిరిగి వచ్చేటప్పుడు.

ఈ మెట్లు కొత్తవి కావు. హొయసల విష్ణువర్ధనుని శాసనాలలో రాజ్యానికి తూర్పు హద్దుగా నంగలి కనుమను చెప్పారు. ఆ నంగలి మన ముళబాగిలు తాలూకాలోనే, పలమనేరు దారిలో ఉన్నది. ముళబాగిలు అనే పేరే మూడలబాగిలు, అంటే తూర్పు వాకిలి. 1768లో హైదరలీ, ఇంగ్లీషువారు ఇక్కడ పోరాడింది ఈ వాకిలి కోసమే. ఆ హైదరలీ పుట్టిన బూదికోట బంగారుపేటకు దగ్గరలోనే ఉంది. చిత్తూరు జిల్లా నుండి మన పెద్దలు గనుల పనికి వచ్చింది కూడా చాలావరకు ఈ దారినే. 1894లో మారికుప్పానికి రైలు పడ్డా, బంగారుపాళెం చుట్టుపక్కల పల్లెలవారికి రైలుకంటె కనుమ దగ్గర.

మా బావగారి తాత అటువంటివాడే. మూట నెత్తిన పెట్టుకుని మొగిలి కనుమ నడిచి ఎక్కాడని ఇంట్లో చెప్పుకుంటారు. బావగారికి అరవై దాటాయి. గని మూసేదాకా భూమి లోపల పనిచేశారు. ఆ రోజుల్లో సైరను కూసేసరికి షాఫ్టు వైపు పోయే సైకిళ్ళలో ఆయనదీ ఒకటి. ఇప్పటికీ ఆ హెర్క్యులీస్ సైకిలే. నాలుగైదేళ్ళుగా ఆయాసం ఉన్నది, మెట్లు ఎక్కితే నిలబడి ఊపిరి తీసుకుంటారు. ఆయనకు ఒక పట్టుదల, తాత ఎక్కి వచ్చిన కనుమ తాను సైకిలు మీద దిగి సొంత ఊరు చేరాలని. అక్కకు అది బొత్తిగా ఇష్టం లేదు. డాక్టరును అడిగితే, మెల్లగా తొక్కవచ్చు గాని మిట్టలు ఎక్కరాదు, రొప్పు వస్తే దిగిపోవాలి అన్నాడు. నన్ను తోడు పంపితేనే ఒప్పుకుంటానన్నది అక్క. నేను ఆఫీసుకు రెండు రోజులు సెలవు పెట్టాను.

దారి వంద కిలోమీటర్లకు లోపే. డిసెంబరు నెల, మంచు ఇంకా విడవలేదు. రాబర్టుసన్‌పేట నుండి బేతమంగలం దాకా ఒకే ఊపు. బేతమంగలం చెరువు పాలారు మీదిది. ఒకప్పుడు గనుల ఊరంతా ఈ నీళ్ళే త్రాగింది. ఏరు పేరుకు పాలారు గాని ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే. కర్ణాటకంలో పుట్టి, మన ఆంధ్ర నేలమీద కాస్త నడిచి, తమిళదేశం చేరుతుంది. మూడు భాషల ఏరు, మా ఊరివంటిదే. కట్ట మీద చలి గాలికి చేతులు కొయ్యబారిపోయి బ్రేకు పట్టటం కష్టమైంది.

అక్కడినుండి ముళబాగిలు దారి మిట్టపల్లాలు. చింతచెట్లు, రాగి చేలు, టమాటా తోటలు, మధ్యమధ్య ఏనుగులు పడుకున్నట్టు రాతి గుండ్లు. ఈ దారిలో నుండి ఆవని కొండ పక్కదారి. సీతమ్మ వాల్మీకి ఆశ్రమంలో ఉండి లవకుశులను కన్నది అక్కడేనని స్థలపురాణం. రామేశ్వర, లక్ష్మణేశ్వర, భరతేశ్వర, శత్రుఘ్నేశ్వర ఆలయాలు పదవ శతాబ్దం నాటి నొలంబుల కాలపువి. కొండ ఎక్కవలసినది గనుక ఈసారి వదిలిపెట్టాము. కోలారు పక్కన ఉన్న అంతరగంగ కూడా అటువంటిదే. రాతి బసవని నోట నీరు ఏడాది పొడుగునా వస్తుంది, చూడదగినదే. కాని సైకిలు క్రింద పెట్టి మెట్లు ఎక్కాలి. కుర్రవాళ్ళున్న ఇళ్ళవారు ఒక ఆదివారం అక్కడికి పోయిరావచ్చు.

ముళబాగిలుకు రెండు కిలోమీటర్ల ముందు ఒక మిట్ట వచ్చింది. పెద్దదేమీ కాదు. బావగారు సగం దూరం తొక్కి ఆగిపోయారు. ముఖం నల్లబడింది. సైకిలు చింతచెట్టుకు ఆనించి, గట్టు మీద కూర్చోబెట్టాను. పది నిమిషాలు మాట లేదు. నాకు అక్క ముఖమే కళ్ళ ఎదుట ఉన్నది.

"బావగారూ, ముళబాగిలులో బస్సు ఎక్కుదాం. సైకిళ్ళు పైన వేస్తారు" అన్నాను.

"ఏమప్పా, ఇప్పుడే ముసలోణ్ణి చేస్తివే" అన్నారు నవ్వటానికి ప్రయత్నిస్తూ. "మిట్ట వస్తే నడుస్తా. నడవకూడదని ఆ డాక్టరు చెప్పలేదు గదా."

ఆ క్షణాన ఏమి చేయాలో తోచలేదు. చివరికి ఒక ఒడంబడిక చేసుకున్నాము. ఎక్కుడు ఎక్కడ కనిపించినా, చిన్నదైనా సరే, దిగి నడవాలి. రెండోసారి ఇలా ఆయాసం వస్తే మాత్రం మారుమాట లేకుండా బస్సు. రాత్రి ముళబాగిలులోనే బస. అర్జునుడు ప్రతిష్ఠించినాడని చెప్పే ఆంజనేయస్వామిని దర్శించి, పేరుపొందిన ముళబాగిలు దోసె తిన్నాము. మందంగా, మెత్తగా, నెయ్యి కారుతూ ఉంటుంది. బావగారు రెండు తిన్నారు. ఆ రెండు దోసెలు చూచాక నాకు ధైర్యం కలిగింది.

మరునాడు నంగలి దాటేదాకా పెద్ద రోడ్డు. నాలుగు బారుల రోడ్డు వచ్చాక లారీలకు సుఖమే గాని సైకిలువాడికి కాదు. ప్రక్కనున్న సర్వీసు రోడ్డు ఊరున్న చోట ఉంటుంది, ఊరు దాటగానే మాయమవుతుంది. అప్పుడు తెల్లగీత ఎడమన ఉన్న మూరెడు జాగాయే మనది. అందులోనే ఎదురుగా వచ్చే మోటారు సైకిళ్ళు. పాతదారి ముక్కలు కొన్ని చింతల నీడన ఇంకా మిగిలి ఉన్నాయి. పట్టుకోగలిగిన చోటల్లా వాటినే పట్టుకున్నాము. రాష్ట్రం మారిందని బోర్డులవల్ల తెలియవలసిందే. మాట మారలేదు. నంగలిలో టీ పోసినతనిదీ, ఈవల పంక్చరు వేసినతనిదీ ఒకటే తెలుగు.

పలమనేరు చల్లని ఊరు. నీలగిరికి దారి పడకముందు మద్రాసు దొరలు ఎండాకాలం ఇక్కడికి వచ్చేవారట. అక్కడ బ్రేకులు చూపించుకున్నాము. ఈ విషయం వివరంగా చెబుతాను, ఎందుకంటే ప్రాణాలతో పని. పాతకాలపు సైకిలుకు ఉండేది రాడ్ బ్రేకు. చక్రపు రిమ్ము లోపలివైపు రబ్బరు ముక్కలు ఒత్తుకోవాలి. మట్టి రోడ్డు మీద, సమభూమి మీద అది చాలు. కాని కిలోమీటర్ల కొద్దీ దిగే కనుమలో విడవకుండా పట్టుకుంటే రబ్బరు వేడెక్కి జారుతుంది, తడి ఉంటే అసలే పట్టదు. అందుచేత నొక్కటం, వదలటం, మళ్ళీ నొక్కటం. వెనుకది ముందు, ముందుది తరువాత. ప్రతి అర కిలోమీటరుకూ నిలిచి రిమ్మును చేత్తో తాకి చూడాలి. ఇరవై రూపాయల రబ్బరు ముక్కలు నాలుగు కొత్తవి వేయించుకుంటే అంతకంటె పెద్ద బీమా లేదు.

ఇంకొక సంగతి. పలమనేరు అడవి కౌండిన్య అభయారణ్యం. ఏనుగులున్నాయి. 1980లలో తమిళనాడు, కర్ణాటకల వైపు నుండి వచ్చి ఇక్కడ నిలిచిపోయాయి. చీకటి పడినాక, తెల్లవారకముందు ఈ దారిన సైకిలు మీద పోరాదు. మేము పట్టపగలు పదకొండు గంటలకు బయలుదేరాము.

కనుమ మొదలయ్యే చోట బావగారు దిగి, చెప్పులు విడిచి తూర్పుకు తిరిగి దండం పెట్టారు. తరువాత దిగటం. కుడివైపు లోయ, ఎడమవైపు కోసిన కొండ. లారీలు గేరు మార్చి మూలుగుతూ దిగుతున్నాయి. ఈ మలుపులలో ప్రమాదాలు జరిగాయి. 2024 సెప్టెంబరులో బస్సూ లారీలూ ఢీకొని కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నేను వెనుక, ఆయన ముందు. అలా ఉండాలని ఆయనే అన్నారు. నేను ముందుంటే మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తానట, అందువల్ల పడిపోతానట. గాలి వెచ్చబడుతూ వచ్చింది. మన మేడమీది చలి విడిచి దిగువ నేలలోకి వస్తున్నామని ముఖానికే తెలిసింది. ఆయన నాలుగుసార్లు ఆగారు, ఆయాసానికి కాదు, రిమ్ము తాకి చూడటానికి. నాలుగోసారి "ఇంత నిట్రంగా ఉంటే మా తాత మూటతో ఎట్ల ఎక్కినాడప్పా" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

మొగిలీశ్వరాలయం దగ్గర కాళ్ళు కడుక్కుని, మామిడి తోటల మధ్యనుండి మూడు గంటలకు వారి ఊరు చేరాము. పెద్దరికపు ఇంటివారు ఇద్దరే మిగిలారు, మిగతావారు చిత్తూరు, బెంగుళూరు. వారు ఆయన్ను గుర్తుపట్టటానికి కొంచెం సేపు పట్టింది, కాని తాత పేరు చెప్పగానే మంచం వాల్చారు.

తిరిగి ఎక్కే ప్రసక్తి లేదని ముందే అనుకున్నాము. మరునాడు బస్సులో నేను, బావగారు, నా సైకిలు వచ్చాము. ఆయన సైకిలు అక్కడే వసారాలో ఉన్నది. సంక్రాంతికి పోయి తెచ్చుకుంటానంటున్నారు. ఎట్లా తెస్తారో అక్క ఇంకా అడగలేదు.