పన్నెండు నుంచి ఒంటిగంట దాకా

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు మా 407 లారీ ఎక్కి, ఇంజను ఆపించి, స్టీరింగు చక్రం పైన సుద్దముక్కతో చిన్న గీత గీశారు. నన్ను దిగి ముందు కుడి టైరు పక్కన కూర్చోమన్నారు. "నేను తిప్పుతుంటాను. టైరు కదిలితే గట్టిగా చెప్పు బాబూ" అన్నారు.

అది 2009 మే నెల. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) కోసం నాన్నతో పాటు తెల్లవారకముందే చోడవరంలో బయలుదేరి అనకాపల్లి వచ్చాను. టైరు మీంచి కళ్లు తిప్పకుండా చూస్తున్నాను. పైన చక్రం తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది, టైరు కదలడం లేదు. ఇంకా తిప్పారు. అప్పుడు కదిలింది, అరిచాను. లేచి క్యాబిన్‌లోకి చూస్తే, గడియారంలో పన్నెండు ఉండే చోట గీసిన గీత రెండు ఉండే చోటికి వచ్చేసింది.

గడియారంలో ఒక గంట ఎడం అంటే ముప్ఫై డిగ్రీలు. స్టీరింగులో అంతకుమించి వదులు ఉండకూడదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతాయి. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా చెల్లుతుంది, ఆపైన చెల్లదు. మాది దానికి దాదాపు రెట్టింపు.

"రాత్రి కూడా నేనే తోలానండి. ఏ తేడా లేదండి" అన్నాడు నాన్న. అబద్ధమాడే మనిషి కాదు. ఆయనకి నిజంగానే తేడా తెలియలేదు. అదెలా సాధ్యమో నాకు అర్థం కావడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది.

ఆ 407 1993 మోడలు, ఏపీ 31 నంబరు. నాన్న 2001లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. సీజన్లో గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలేవాళ్లం. చుట్టుపక్కల ఊళ్లలో గానుగలాడి వండిన బెల్లాన్ని అనకాపల్లి మార్కెట్టుకి చేర్చేవాళ్లం. సీజను అయిపోయాక మాడుగుల మీదుగా పాడేరు ఘాటు ఎక్కి పసుపు బస్తాలు దింపేవాళ్లం. మా అక్క పెళ్లి, నా చదువు అన్నీ ఆ బండి మీదే జరిగాయి.

బెల్లం మోసే బండికి ముసలితనం అడుగు నుంచి వస్తుంది. ముసురు పట్టిన రోజు దిమ్మలు చెమరుస్తాయి. ఆ చెమ్మ తీపిగా, జిగురుగా పలకల సందుల్లోంచి కిందికి దిగి, ఛాసిస్ మీద పలకల్ని మోసే అడ్డకమ్మీల మీద నిలుస్తుంది. దాని మీద దుమ్ము అంటుకుంటుంది. దుమ్ము కింద తడి ఆరదు. ఏడాది తిరిగేసరికి ఇనుము పొరలు పొరలుగా లేస్తుంది. పైనుంచి చూస్తే బండి కొత్తపెళ్లికూతురిలా ఉంటుంది, ఎందుకంటే ఎఫ్‌సీకి ముందు అందరూ చేసే మొదటి పని రంగు వేయించడమే. మేమూ వేయించాం. నాలుగు రోజులు కష్టపడి పసుపు, నీలం రంగులు వేసింది మా బాబాయి.

ఛాసిస్ నంబరు సంగతి నేను చూసుకున్నాను. పరీక్షకి ఆ నంబరు మీద కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది, అచ్చు తీసి ఇవ్వాలి. పాత బండ్లు ఈ ఒక్క దగ్గరే ఆగిపోవడం ఎన్నోసార్లు చూశాను. బండి బాగున్నా నంబరు తుప్పు తినేస్తే అది ఏ బండో రుజువు చేయలేం. ఒక మధ్యాహ్నమంతా బండి కింద పడుకుని కిరసనాయిలు పోస్తూ వైరు బ్రష్షుతో రుద్దాను. తుప్పు కిందనుంచి ఒక్కొక్క అంకె బయటపడుతుంటే ఎవరో పిలిస్తే పలికినట్టు అనిపించింది. ఆ పెన్సిలు కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

తర్వాత టైర్లు. ముందు టైర్లు రెండూ గుండైపోయాయి. గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి, మా టైర్ల గాడిలో అగ్గిపుల్ల పెడితే సగం పైకే ఉంటోంది. అప్పట్లో లారీలవాళ్ల మధ్య ఒక పద్ధతుండేది. మంచి టైర్లున్న బండి నుంచి రెండు విప్పి తెచ్చుకుని, ఎఫ్‌సీ అయ్యాక తిరిగి ఇచ్చేయడం. నాన్న కూడా ఒకరిని అడిగి ఒప్పించి వచ్చాడు. రాత్రి అన్నం తింటూ ఆ మాట చెప్పాడు.

అమ్మ కంచంలో పులుసు పోస్తూ ఆగింది. "ఎల్లుండి అవి ఇప్పీసి ఇచ్చీసినాక, పాత టైర్లేసుకుని ఘాటు దిగేది ఎవులు?" అని అడిగింది.

నాన్న మాట్లాడలేదు. అమ్మ ఇంకేమీ అనలేదు. పొద్దున్నే చీటీ పాడిన డబ్బు తెచ్చి ఆయన జేబులో పెట్టింది. ఆ డబ్బు ఇంటి పైకప్పు రేకుల కోసం దాచుకున్నది. ఆ ఏడు వానాకాలం వంటింట్లో రెండు గిన్నెలు పెట్టుకుని గడిపాం. కొత్త టైర్లు మాత్రం మా సొంతం. ఈ రోజుకీ ఎవరైనా ఎఫ్‌సీకి టైర్లు అడిగారని వింటే నాకు కోపం వస్తుంది. ఆ పరీక్ష ఆఫీసు కోసం కాదు, దాని తర్వాత ఆ బండి ఎక్కేవాడి కోసం.

చోడవరంలో ఏ పని మొదలుపెట్టినా స్వయంభూ వినాయకుడి గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టకుండా మొదలుపెట్టరు. మేమూ చీకట్లోనే గుడి ముందు బండి ఆపి, కాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి బయలుదేరాం.

ఇన్‌స్పెక్టర్ గారు యాభై దాటిన మనిషి, చేతిలో చిన్న సుత్తి. మిగిలినవాళ్లు చుట్టూ తిరిగి లైట్లు చూస్తే ఆయన ముందు కింద కూర్చున్నారు. కొత్త రంగు మెరుస్తున్న చోట సుత్తితో తట్టారు. గట్టి ఇనుము ఖంగుమంటుంది. ఒక అడ్డకమ్మీ దగ్గర మాత్రం డొల్ల కుండలా పలికింది. ఇంకొంచెం గట్టిగా కొట్టేసరికి రంగుతో సహా పెచ్చు ఊడి పడింది. "రంగేసిన చోటే ముందు కొడతాను" అన్నారు. విసురుగా కాదు, పాఠం చెబుతున్నట్టు.

కమాన్ కట్టల దగ్గర ఒక యూ బోల్టు వదులైంది. ఎడమ హెడ్‌లైటు రిఫ్లెక్టరు మసకబారి దీపం బుడ్డిలా వెలుగుతోంది. హారను స్టీరింగు కుడికి తిప్పితేనే మోగుతుంది. వైపరు రబ్బరు ఎండలకి ఎండి అద్దం మీద గీతలు పెడుతోంది. ఇవన్నీ ఆయన రెండు నిమిషాల్లో రాసేశారు. ఇవి ఏ పాత బండిలోనైనా ఉండేవే. పొగ దగ్గర మేం గట్టెక్కాం, అంతకుముందు నెలే నాజిళ్లు మార్పించాం కాబట్టి.

బ్రేకుల పరీక్ష దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డారు. ఖాళీ మైదానంలో ముప్ఫై కిలోమీటర్ల వేగంతో వచ్చి, ఆయన చెయ్యెత్తగానే పెడలు తొక్కమన్నారు. నిబంధన ప్రకారం ఆ వేగంలో పదమూడు మీటర్ల లోపు బండి ఆగాలి. నాన్న తొక్కాడు. బండి ఎడమకి కాస్త లాగి, ఆయన అడుగులతో కొలిచిన గీత దాటి ఆగింది. ఆయన నన్ను పిలిచి మట్టి చూపించారు. మూడు చక్రాలు నేలని గీసుకుంటూ వచ్చాయి. వెనక కుడి చక్రం దొర్లుతూ వచ్చింది, దాని కింద గీత లేదు. డ్రమ్ము విప్పితే కారణం తెలిసింది. హబ్బు ఆయిల్ సీలు పోయి, గేరాయిల్ కారి బ్రేకు లైనర్లని తడిపేసింది. నూనె తాగిన లైనరు డ్రమ్ముని పట్టుకోలేదు, జారిపోతుంది.

"ఎన్నాళ్లైంది ఇలా?" అని అడిగారు.

నాన్న తలదించుకుని, "పెడలు రెండుసార్లు కొడితే పడుద్దండి" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు పాడేరు ఘాటు గుర్తొచ్చింది. పసుపు లోడుతో దిగుతూ ప్రతి మలుపుకీ ముందు నాన్న కాలు టక్ టక్‌మని రెండుసార్లు కొట్టేది. అది నాన్న తోలే పద్ధతి అనుకునేవాణ్ణి. చిన్నప్పుడు పక్క సీట్లో కూర్చుని నేనూ నా కాలితో అలాగే కొట్టేవాణ్ణి.

ఈ రోజుల్లో ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లు వచ్చాయి. బండిని రోలర్ల మీద నిలబెడితే ఏ చక్రం ఎంత బలంగా పడుతోందో విడివిడిగా యంత్రమే చెబుతుంది. నియమాలూ కొంత మారాయి, ఎనిమిదేళ్ల లోపు రవాణా బండికి రెండేళ్లకోసారి, అది దాటితే ఏటా. బ్రిటన్‌లో 1960లో పాత కార్లకి తప్పనిసరి పరీక్ష మొదలుపెట్టినప్పుడు పదేళ్లు దాటినవాటికి చూసింది మూడే మూడట: బ్రేకులు, లైట్లు, స్టీరింగు. అది చదివినప్పుడు మా 407 కళ్లముందు నిలిచింది. దేశమేదైనా బండి ముసలైపోయేది అక్కడే. యంత్రం రావడం నాకు సంతోషమే, దానికి మొహమాటం లేదు. కానీ మట్టిలో లేని గీతని చూపించి, ఎందుకు లేదో పదహారేళ్ల కుర్రాడికి విప్పి చెప్పిన ఆ మనిషికి నేను రుణపడి ఉన్నాను.

ఆ రోజు ఎఫ్‌సీ ఇవ్వలేదు. చీటీ మీద లోపాలు వరుసగా రాసి, బాగుచేయించి తెమ్మన్నారు. ఎవరూ ఏమీ అడగలేదు, మేమూ ఏమీ ఇవ్వబోలేదు. తిరుగుదారిలో నాన్న తుమ్మపాల దాటేదాకా మాట్లాడలేదు.

బండ్లు బాగుచేసే మా మేస్త్రీ మావయ్య ముందు ఇరుసుకి జాకీ పెట్టి లేపి, టైరు కింద గునపం దూర్చి పైకెత్తాడు. టైరు టకటకమని కొట్టుకుంది. "కింగ్ పిన్నులు పోనాయి బావా. బుష్షుల్లో పిన్ను గిలక్కాయలాగ ఆడతాంది" అన్నాడు. విప్పి చూస్తే, ఒక పక్క గ్రీజు నిపుల్ పూర్తిగా పూడుకుపోయి ఉంది. మేం నెలనెలా గ్రీజు గన్ను పెట్టి కొడుతూనే ఉన్నాం. గ్రీజు పక్కనుంచి బయటికి వచ్చేది, లోపలికి పోయేది కాదు. గుడ్డతో తుడిచేసి గ్రీజు పెట్టామనుకునేవాళ్లం. ఆ పని చేసింది నేనే. మేస్త్రీ మావయ్య అది చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆయన నా వీపు తట్టి, కొత్త బుష్షులు దిగ్గొట్టి, రీమరు నా చేతికిచ్చి, పిన్ను బొటనవేలి ఒత్తిడికి కదిలీ కదలనట్టు దిగేదాకా ఎలా తిప్పాలో నేర్పాడు. రెండు పక్కలకీ ఒక రోజు పట్టింది.

టై రాడ్ ఎండ్లు మార్చాం. సీలు, లైనర్లు కొత్తవి వేశాం. డొల్లైన అడ్డకమ్మీ కోసేసి కొత్తది వెల్డింగ్ పెట్టించాం. దాని మీద రంగు వేయలేదు, రెడాక్సైడు మాత్రం పూశాం. ఇన్‌స్పెక్టర్ గారికి కనపడాలని నాన్నే వద్దన్నాడు.

నాలుగో రోజు మళ్లీ అనకాపల్లి. అదే సుద్దముక్క. ఈసారి కూడా నన్ను టైరు దగ్గర కూర్చోబెట్టారు. చక్రం తిరిగిన చప్పుడు వినపడిందో లేదో టైరు కదిలింది. గీత పన్నెండు దాటింది, ఒంటిగంటకి చాలా దూరంలోనే ఆగింది. మట్టిలో నాలుగు గీతలూ పడ్డాయి. సంతకం పెట్టిన కాగితం నాన్న కళ్లకద్దుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి వస్తున్నాం. వెంకన్నపాలెం ఇంకా రాలేదు, ఎదురుగా చెరకు పిప్పి లోడుతో ట్రాక్టరు వస్తోంది. నాన్న ఎప్పటిలాగే దారిచ్చేందుకు స్టీరింగు ఎడమకి తిప్పాడు. బండి ఒక్కసారిగా రోడ్డు దిగి మార్జిన్‌లోకి దూకింది. తాటిచెట్టుకి ఇంకో రెండు బారల దూరం. నాన్న కాలు టక్‌మని ఒకసారే పడింది, రెండోసారి కొట్టే అవసరం రాలేదు. బండి అక్కడికక్కడే ఆగిపోయింది.

ట్రాక్టరు వెళ్లిపోయింది. ఇంజను నడుస్తూనే ఉంది. నాన్న రెండు చేతులూ చక్రం మీదే పెట్టుకుని సుద్దగీత వైపు చూస్తున్నాడు.

"ఇన్నేళ్లూ ఎంత తిప్పీసీవోణ్ణిరా నేను" అన్నాడు.

తర్వాత చోడవరం చేరేదాకా ఇరవై దాటకుండా తోలాడు. ప్రతి మలుపు దగ్గరా చక్రాన్ని కొంచెం తిప్పి, ఆగి, బండి ఎటు వెళ్తుందో చూసి, మళ్లీ కొంచెం తిప్పాడు, కొత్తగా తోలడం నేర్చుకుంటున్నట్టు.