వంతు నీళ్లు



మైదుకూరు పసుపు గురించి మీరు వినే ఉంటారు. మా ఊరి పేరుతోనే ఒక రకం ఉంది. అది దీర్ఘకాలపు పంట. జూన్, జూలైలో నాటితే తవ్వేసరికి దాదాపు 9 నెలలు పడుతుంది. అంతకాలమూ భూమిలో పదును ఆరకూడదు. సేవ చేసుకుంటూనే ఇల్లు గడవడానికి మేమిద్దరమూ ఒక ఏడు ఎకరా పొలం కౌలుకు తీసుకొని పసుపు వేశాం.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుండి బయలుదేరే కె.సి. కాలువలో నీళ్లు తగ్గిపోయాయి. రైతులంతా వంతులు వేసుకున్నారు. మా వంతు వచ్చిన రాత్రి టార్చిలైటు పట్టుకొని పోతే మా మడవ మూసి ఉంది. నీళ్లు పక్క పొలంలో పారుతున్నాయి. ఆ పొలం మా సంఘ సభ్యునిదే.

ఆ రాత్రి గట్టు మీద మేము అన్న మాటలు ఇక్కడ రాయలేము. ఒకరు నోరు జారితే ఇంకొకరు ఆపాలి. మేము ఆపుకోలేదు. "అయ్యగారా, పైరు ఎండిపోతాంటే చూడలేకపోయినా" అని అతడు తల వంచుకొని చెప్పినా వినలేదు. తరువాతి ఆదివారం ఆ కుటుంబం మందిరానికి రాలేదు. మేము మాత్రం ప్రేమను గూర్చి ప్రసంగించాం.

కొన్ని వారాల తర్వాత ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థనలో యిర్మీయా 17వ అధ్యాయం చదువుకున్నాం. యెహోవాను నమ్ముకొనువాడు నీళ్ల యొద్ద నాటబడిన చెట్టువంటివాడని అక్కడ ఉంది కదా. వాన లేని సంవత్సరం రాదని ఆ వాక్యం చెప్పలేదు. వచ్చినా ఆ చెట్టుకు చింత ఉండదని చెప్పింది. ఇద్దరమూ చాలాసేపు మాట్లాడలేకపోయాం. మాకు కోపం ఎక్కువని ఇన్నాళ్లూ అనుకునేవాళ్లం. ఆ కోపం కింద ఉన్నది భయమని అప్పుడు తెలిసింది. కౌలు ఎలా కట్టాలి? అప్పు ఎలా తీర్చాలి? పిల్లల ఫీజు ఎక్కడి నుండి తేవాలి? దేవుడు చూసుకుంటాడని అందరికీ చెప్పేవాళ్లం, మా మనసు మాత్రం కాలువను నమ్ముకుంది. కాలువ ఎండగానే మా దీర్ఘశాంతమూ ఎండిపోయింది.

ఆ ఆదివారం ప్రభు బల్ల ఉంది. మత్తయి 5వ అధ్యాయం ప్రకారం ముందు సహోదరునితో సమాధానపడాలి గనుక, శనివారం రాత్రే అతని ఇంటికి వెళ్లాం. అతడు పలకలేదు. ఆయమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. తాగి, "ఆ రోజు అన్న మాటలకు మమ్మల్ని క్షమించండి" అన్నాం. "మరి నీళ్ల మాట ఎత్తరేం అయ్యగారా?" అన్నాడు. "అది తర్వాత చూసుకుందాం. మేము మా మాటల కోసం వచ్చినాం" అన్నాం. అతడు వెంటనే రాలేదు. మూడు ఆదివారాల తర్వాత వచ్చి, వాకిలి పక్కన కూర్చున్నాడు.

ఆ ఏడు పసుపు సగమే పండింది. దేవుడు అద్భుతంగా అప్పు తీర్చాడని చెప్పలేము. తీరడానికి రెండేళ్లు పట్టింది. కానీ ఆ రెండేళ్లలో ఒక్క పూట కూడా మా పిల్లలు పస్తు పడుకోలేదు. చేతిలో ఏమీ లేని నెలలోనే ఆయనను నమ్మడం కొంచెం కొంచెంగా నేర్చుకున్నాం.

కోపం ఇప్పటికీ వస్తుంది. వచ్చినప్పుడు, "ఇప్పుడు మనం దేనికి భయపడుతున్నాం?" అని ఒకరినొకరం అడుగుతాం. జవాబు దొరికితే దాన్నే ప్రార్థనలో పెడతాం. గలతీ పత్రికలో దీర్ఘశాంతమును, ఆశానిగ్రహమును పౌలు ఆత్మఫలమన్నాడు. పసుపు లాగా అది కూడా మన్ను కింద, కంటికి కనబడకుండా ఊరుతుంది. రోజూ తవ్వి చూస్తే పెరగదు.

ప్రియులారా, మీ కోపం కింద ఏ భయముంది? ఈ రాత్రి దాన్ని ప్రభువు పాదాల దగ్గర పెట్టండి. మీరు వెళ్లవలసిన ఇల్లు ఏదైనా ఉంటే, ఆదివారం దాకా ఆగకండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.