శ్రీవారి ముంగిట నాట్యము

చిత్తూరునుండి తిరుపతికి సుమారు డెబ్బది కిలోమీటర్లు. దసరా సెలవులలో బ్రహ్మోత్సవములు చూడవలెనని మేము కుటుంబముతో బయలుదేరితిమి. చంద్రగిరి దుర్గము కనబడగానే మా అమ్మాయి బస్సు కిటికీలోనుండి చేయి చాపి చూపినది.

మా పయనమునకు వేరొక కారణమును గలదు. పదేండ్ల మా అమ్మాయి నాట్యము నేర్చుకొందునని యేడాదిగా కోరుచున్నది. మా వారు బడిపంతులు, అవుననరు, కాదనరు. మా అత్తగారు మాత్రము "మనింట్లో పుట్టి గజ్జె కడతాదా?" అని కంట నీరు పెట్టుకొనిరి.

సోదరీమణులారా! ఆ మాటను మౌఢ్యమని త్రోసివేయరాదు. బాలికలను దేవునికి అర్పించు ఆచారము ఈ సీమలో పలువుర బ్రదుకులను చెఱచినది. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు దానిపై ఏండ్లతరబడి పోరాడిరి. 1947లో మద్రాసు ప్రభుత్వము చట్టము చేసి ఆ యర్పణమును మాన్పినది. చిత్తూరు అప్పు డా రాష్ట్రములోనిదే. ఆ చట్టమే గుడిలోను, దేవుని ఊరేగింపులోను స్త్రీలు నాట్యమాడుటను గూడ నిషేధించినది. బిడ్డలకు విముక్తి కలిగెను. విద్యకు నిలువ నీడ లేకపోయెను. నాయుడుపేట రాజమ్మగారివంటి ఆలయనర్తకులయొద్ద నేర్చి నటరాజ రామకృష్ణగారు ఆంధ్రనాట్యమను పేర దానిని మరల వెలుగులోనికి దెచ్చిరి.

ఇరాను దేశపు కథ యింకను కఠినము. 1958లో అచట నెలకొన్న జాతీయ బాలే బృందము 1979 విప్లవముతో రద్దయినది. పిమ్మట పురుషుల యెదుట స్త్రీ నాట్యమాడుట నిషిద్ధమైనది. నర్తకులు దేశాంతరములు పట్టిరి. 2002లో నీమా కియాన్ అను నాతడు స్వీడనులో ఆ సంప్రదాయమును వేరొక బృందముగా నిలిపెను. బనఫ్షే సయ్యాద్ అను నామె అమెరికాలో సూఫీల భ్రమణమును తన నాట్యమున చేర్చుకొన్నది. మన చట్టము బాలికలను కాచుటకు పుట్టినది. అచటి నిషేధము ఆటనే అణచినది. రెండును ఒకటి కావు. ఐనను చిన్ననాడు నేర్చిన అడుగును పుట్టినచోట వేయలేని దుఃఖము ఏ దేశపు స్త్రీకైనను ఒక్కటియే.

మన సీమ బిడ్డయే యామినీ కృష్ణమూర్తిగారు. 1940లో మదనపల్లెలో, సంస్కృతపండితుని యింట జన్మించి, కళాక్షేత్రమున నేర్చి, ఢిల్లీలో స్థిరపడి, దేశదేశముల ఆడిరి. తిరుమల తిరుపతి దేవస్థానముల ఆస్థాననర్తకి యైరి. 2016లో పద్మవిభూషణ్ పొంది, 2024లో కీర్తిశేషులైరి. తిరుపతిలో 1959లో నెలకొన్న దేవస్థానమువారి సంగీత నృత్య కళాశాల బాలికలకు ఈ విద్య గఱపుచున్నది.

సాయంకాలము మాడవీధిలో నిలిచితిమి. వాహనమునకు ముందు స్త్రీల బృందములు కోలాటము, కూచిపూడి ఆడుచు వచ్చినవి. మా యెదుటనే ఒక బాలికకు గజ్జెలపట్టా తెగెను. ప్రక్కనున్న పిల్ల తన జడరిబ్బను విప్పి, వంగి, ఆమె కాలికి కట్టి, మరల వరుసలో నిలిచినది. జనము గోవింద యనిరి. మా అత్తగారును చేతులు జోడించిరి. అది స్వామికో, ఆ పిల్లలకో మాకు తెలియలేదు.

తిరుగుప్రయాణమున మా అమ్మాయి ఆమె ఒడిలో నిద్రించెను. పాకాల దాటినపిమ్మట అత్తగారు మెల్లగా, "నేర్పే ఆమె మంచామెనా? పిల్లను సాయంత్రం నేనే పిలుచుకొస్తా" అనిరి. మా వారు తలయూచిరి. మేము సరేయంటిమి.