పున్నమిపోటు

ఇంగ్లండు దేశమునకు ఈశాన్యమూలను నార్తంబర్లండు అను సీమ కలదు. కాక్వెట్ నది సముద్రమున కలియు చోటు మొదలుకొని బెర్విక్ పట్టణమువరకు దాని తీరము దాదాపు 40 మైళ్లు. పొడవైన యిసుకతిన్నెలు, పాడుపడిన కోటలు, చిన్న చిన్న జాలరిపల్లెలు తప్ప ఆ తీరమున పెద్ద నగరములు లేవు. దాని సహజసౌందర్యము చెడకుండుటకై 1958వ సంవత్సరమున దానిని రక్షితప్రదేశముగా ప్రకటించిరి. సందడికి దూరముగా రెండు మూడు దినములు గడపగోరువారు అచ్చటికి పోవుచుందురు.

లీడ్స్ నగరమున కాపురముండు ఒక తెలుగు వైద్యుడు మే మాసము చివర తన కుటుంబముతో అట్టి యాత్ర తలపెట్టెను. ఆయనకు దొరకినది మూడు దినముల సెలవు మాత్రమే. భీమునిపట్నమునుండి వచ్చియున్న ఆయన తల్లి తిరుగుప్రయాణమునకు ఇంక వారము దినములే యుండెను. ఆమె శీతకాలమున వచ్చినది. చలిచేతను, కుమారునికి తీరిక లేమిచేతను ఇల్లు విడిచి దూరము పోలేదు. “సముద్రపుటొడ్డున పుట్టి పెరిగినదానను. ఈ దేశపు సముద్రమును చూడకయే పోవుదునేమో!” అని ఒకనాడు ఆమె అనెను. ఒక్కసారియే అనెను, మరల అనలేదు. ఆ మౌనమే కుమారుని మనస్సును బాధించెను.

ఒక రాత్రి భోజనములైన పిమ్మట ఆయన కాగితము, కలము పట్టుకొని కూర్చుండెను. పండ్రెండేండ్ల కుమార్తె ప్రక్కన చేరెను. ఆస్పత్రిలో రోగులను చూచు వేళలు వ్రాసికొనునట్లే ఆయన యాత్రకును గంటలు నిర్ణయించెను. శనివారము క్రాస్టర్ అను పల్లె, దాని చేరువనున్న డన్‌స్టన్‌బరో కోట, పిదప బాంబరో కోట. ఆదివారము ఉదయము సీహౌసెస్ రేవునుండి పడవలో ఫార్న్ ద్వీపములు, మధ్యాహ్నము రెండు గంటలకు లిండిస్‌ఫార్న్ ద్వీపము, సాయంకాలము బెర్విక్. సోమవారము తిరుగుప్రయాణము. ఒక్క గంటయు వ్యర్థము కాకుండ పట్టిక కుదిరినదని ఆయన సంతసించెను.

ఆ లిండిస్‌ఫార్నునే పవిత్రద్వీపమనియు పిలుతురు. క్రీ.శ. 635 ప్రాంతమున ఐడన్ అను క్రైస్తవ సన్న్యాసి అచ్చట మఠము స్థాపించెను. 793లో ఉత్తరసముద్రముమీదుగా వచ్చిన వైకింగులు దానిని దోచిరి. ఆ మఠవాసులు దాదాపు పదుమూడు వందల యేండ్ల క్రిందట రంగులతో అలంకరించి వ్రాసిన సువార్తగ్రంథము నేటికిని లండనులోని బ్రిటిష్ గ్రంథాలయమున భద్రముగా ఉన్నది. అన్నింటికంటె వింతయైనది ఆ ద్వీపమునకు పోవు దారి. సముద్రము తీసినప్పుడు ఇసుకపఱ్ఱల మీదుగా వేసిన రోడ్డు బయటపడును. పోటు వచ్చినప్పుడు ఆ రోడ్డు నీటిలో మునిగిపోవును. దినమునకు రెండు మారులు ఆ భూమి ద్వీపమగుచు, రెండు మారులు తీరముతో కలియుచుండును.

కుమార్తె ఈ సంగతి చెప్పుచుండగా నాయనమ్మ దారమును సూదిలో ఎక్కించుచున్న చేతిని ఆపి, “ఆ ఆదివారము తిథి యేమి, నాయనా?” అని అడిగెను.

కుమారుడు నవ్వి, “ఇచ్చట తిథులతో పని యేమున్నది, అమ్మా?” అనెను.

“భీమునిపట్నమునకొక చంద్రుడు, ఈ దేశమునకొక చంద్రుడు కలరా? పున్నమికిని, అమావాస్యకును సముద్రము పొంగునని మా జాలరులు పంచాంగము విప్పకయే చెప్పుదురు” అని ఆమె బదులు చెప్పెను.

బాలిక చూచి చెప్పినది: ఆ ఆదివారము పున్నమి. పున్నమినాడును, అమావాస్యనాడును సూర్యచంద్రులు భూమితో ఒకే వరుసలో నిలుచుటచే వారి ఆకర్షణ లేకమై సముద్రపు నీరు మిక్కిలి యెత్తునకు లేచును. అట్లే మిక్కిలి దిగువకును పోవును. విశాఖతీరమున పోటుకును పాటుకును భేదము రెండు మీటర్లకు మించదు. నార్తంబర్లండు తీరమున అది పున్నమి దినములలో నాలుగు మీటర్లను దాటును. పోటునకును మరల పోటునకును నడుమ కాలము పండ్రెండు గంటల ఇరువదియైదు నిమిషములు. కావున పోటువేళ దినదినమునకు దాదాపు ఏబది నిమిషములు వెనుకబడుచుండును.

ఆ రోడ్డు ఏ దినము ఏ వేళలలో సురక్షితమో అచ్చటి స్థానికప్రభుత్వమువారు ముందుగనే పట్టిక ప్రకటింతురు. బాలిక దానిని వెదకి తీసెను. ఆదివారము మధ్యాహ్నము మొదలుకొని సాయంకాలమువరకు దారి నీటిలోనే యుండును. తండ్రి నిర్ణయించిన రెండు గంటల వేళ సరిగా ఆ నడుమ పడెను.

తండ్రికి విసుగు పుట్టెను. “కొంచెము ముందు వెనుకలుగా పోయినచో నీరు చక్రములవరకే యుండునేమో! మన కారు ఎత్తైనదే గదా” అనెను.

“అట్లనుకొన్నవారి కార్లే అచ్చట మునుగుచున్నవి, నాన్నా” అని బాలిక చెప్పెను. నీట మునిగిన కారు చిత్రముతో రోడ్డు మొదట హెచ్చరికపలక నిలిపియున్నారు. చిక్కుకొన్నవారు ఎక్కి ప్రాణము కాపాడుకొనుటకు దారి నడుమ ఎత్తైన కొయ్యకాళ్లపై ఒక చిన్న గది కలదు. అట్టివారిని తెచ్చుటకు సీహౌసెస్ రేవునుండి రక్షణనావ బయలుదేరవలెను. అందు పోవువారు జీతమునకు పనిచేయువారు కారు. తమ తమ పనులు విడిచి పరుగెత్తు సేవకులు.

పిదప బాలిక తాను బడిలో చదివిన కథ చెప్పెను. 1838 సెప్టెంబరు 7వ తేదీన ఫార్‌ఫర్‌షైర్ అను పొగయోడ తుపానులో ఫార్న్ ద్వీపముల బండలకు కొట్టుకొని పగిలెను. లాంగ్‌స్టోన్ దీపస్తంభముననున్న గ్రేస్ డార్లింగ్ అను ఇరువదిరెండేండ్ల యువతి బండమీద ప్రాణములతోనున్నవారిని చూచెను. ఆమెయు, దీపస్తంభపు కాపరియగు ఆమె తండ్రియు చిన్న పడవలో తెడ్లు వేసికొని ఆ భీకరతరంగములలోనికి పోయిరి. రెండు విడతలుగా తొమ్మండుగురు బ్రతికి బయటపడిరి. గ్రేస్ ఆ పిమ్మట నాలుగేండ్లకే క్షయరోగముతో మరణించెను.

“తుపాను ఎవరును కోరి తెచ్చుకొనినది కాదు” అని నాయనమ్మ మెల్లగా అనెను. “కాని పట్టిక చూచియు, రెండు గంటలకే పోవలెనని నీటిలోనికి దిగినచో, మనకొఱకు ఇంకొకరి బిడ్డ పడవ యెక్కవలెను గదా, నాయనా!”

తండ్రి మారు పలుకలేదు. కొంతసేపటికి, “అట్లయిన ఆ ద్వీపము మానుదమా?” అని అడిగెను.

“మానుట యెందుకు? నీరు రాకముందే పోవుదము. నీరు తీసిన పిమ్మట వత్తము. నడుమనున్న అయిదారు గంటలు అచ్చటనే కూర్చుందము” అనెను నాయనమ్మ.

ఆ మాట ఎవరికిని తోచలేదు. పట్టణములనుండి వచ్చినవారిలో పెక్కుమంది దారి మూయకముందే వెడలిపోవుదురు. పిదప రోడ్డుపై కార్ల చప్పుడుండదు. మఠపు శిథిలములు, గొఱ్ఱెలు మేయు గడ్డిబీడులు, ఇసుకమేటలపై సీలు జంతువుల కూతలు, నలుదెసల నీరు. ఏ ప్రశాంతతకై వారు బయలుదేరదలచిరో అది ఆ మూతపడిన గంటలలోనే యుండును. తండ్రి దానినే వ్యర్థకాలమని కొట్టివేసియుండెను.

ఆయన క్రొత్త కాగితము తీసెను. బెర్విక్, బాంబరో కోట తొలగిపోయినవి. శనివారము క్రాస్టరునుండి గడ్డినేలపై మైలుంబావు నడచి, 1313లో కట్టనారంభించిన డన్‌స్టన్‌బరో కోట చూచుట; అచ్చటికి కార్లు పోవు దారి లేదు, కావున నాయనమ్మ నడువగలిగినంత దూరమే. ఆదివారము ఉదయమునుండి సాయంకాలమువరకు పవిత్రద్వీపము. సోమవారము సముద్రము శాంతముగా నున్నచో పడవలో ఫార్న్ ద్వీపములకు పోయి రంగుముక్కుల పఫిన్ పక్షులను చూచుట. లేనిచో బాంబరో గ్రామమున గ్రేస్ డార్లింగ్ ప్రదర్శనశాల.

బాలిక క్రింద కొన్ని వస్తువులు వ్రాసెను: నాయనమ్మకు ఉన్నిశాలువ, అందరికిని టోపీలు. ఆ మాసములలో గ్రుడ్లు కాచుకొను టెర్న్ పక్షులు మనుష్యుల తలలపై పొడుచునట!

తండ్రి కాగితమునకు పైవరుసను సముద్రపు వేళలు వ్రాసి, వాని క్రింద తమ వేళలు వ్రాసెను. గాలి బలముగా వీచినచో పట్టికలోని వేళకు ముందే నీరు రావచ్చునని తెలిసి, ద్వీపమునకు పోవు సమయమును ఇంకొక గంట ముందునకు జరిపెను.

మొదటి పట్టికకంటె ఇది చిన్నది. నాయనమ్మ దానిని చేతికి తీసికొని, ఆదివారమునకు ఎదురుగానున్న ఖాళీస్థలమును వ్రేలితో చూపి, “ఇచ్చట ఏమియు వ్రాయకుము, నాయనా. ఆ వేళ సముద్రమును చూచుచుందును” అనెను.